పురుగుల చీర

పట్టుపురుగులకు చల్లే మందుపొడిని నా నడుముకు నేనే పూసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఒంటికి తగలనివ్వొద్దని డబ్బా మీద అరవంలోనూ కన్నడంలోనూ రాసి ఉంది. నాకు రెండూ వచ్చు. రెండింటిలోనూ చదివి, మూత తీసి, గుప్పెడు తీసుకుని పూసుకున్నాను.

అది తెలివితక్కువ పని అని ఈ రోజు ఎవరన్నా ఒప్పుకుంటాను. ఆ పని చేయించిన కోపం మాత్రం తెలివితక్కువది కాదు. ఇన్నేళ్లయినా దాన్ని నేను వెనక్కి తీసుకోలేదు.

నేను పుట్టింది డెంకణికోట వైపు, అడవి అంచు పల్లెలో. రాగిచేలో ఏనుగులు తినగా మిగిలింది మేము తినేవాళ్లం. తొంభైల నడుమ పెళ్లై సూళగిరి పక్క ఊరికి వచ్చేదాకా నేను పట్టుపురుగును కళ్లతో చూడలేదు. అత్తవారికి ఒక ఎకరా మల్బరీ తోట, ఇంటి వెనక పెంకులు కప్పిన పురుగులిల్లు ఉండేవి. మామ నేను రాకముందే పోయాడు. నా మొగుడు హోసూరులో కంపెనీ పనికి షిఫ్టులకు పోయేవాడు. తోట, పురుగులు మా అత్త పని. వచ్చిన ఏడాదిలోనే అవి నా పని కూడా అయ్యాయి.

పురుగులింటికి ఉన్నన్ని నియమాలు మా ఊరి గుడికి కూడా లేవు. బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచి గడప దాటాలి. పంట నడిచినన్నాళ్లు ఇంట్లో మిరపకాయలు వేయించకూడదు. బయటివాళ్ల చూపు తట్టల మీద పడకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం పురుగుల చీర. లోపలి గోడకు ఒక కొయ్య, ఆ కొయ్యకు ఒక నీలం నూలు చీర, దాని లోపలి లంగా వేలాడుతూ ఉండేవి. మన చీర గడప దగ్గర విప్పి, అది కట్టుకుని లోపలికి పోవాలి. వచ్చేటప్పుడు విప్పి మళ్లీ కొయ్యకు తగిలించాలి. గుడ్లు పగిలిన రోజు నుంచి గూళ్లు విప్పేదాకా, నెల రోజులు, ఆ చీర గడప దాటకూడదు. బయట ఉతికి ఆరేస్తే ఏ దుమ్ము పట్టుకొస్తుందో, ఎవరి కన్ను పడుతుందో అని భయం. మా అత్త కట్టేది, నేను కట్టేదాన్ని, పని ఎక్కువైన రోజుల్లో సాయానికి వచ్చే వీధి చివరింటి పెద్దమ్మ కట్టేది. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరం కట్టేవాళ్లం. అది తప్పని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

పురుగుల పని నాకు పట్టుబడింది. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజంగానే పట్టుబడింది. పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మానేసి తల పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. జ్వరానికి కూర్చుంది అంటారు మా వైపు. అప్పుడు ఆకు వేయకూడదు, వేస్తే లేచిన పురుగులు, లేవని పురుగులు కలగాపులగమై పంట చెడుతుంది. ఏ తట్ట ఎప్పుడు కూర్చుంటుందో, ఎప్పుడు లేస్తుందో నాకు చూడగానే తెలిసేది. వంటింట్లో నా ఉప్పు ఎక్కువ, నా కారం తక్కువ. పురుగులింట్లో మాత్రం మా అత్త నన్ను అడిగి ఆకు వేసేది. "మా కోడలి చెయ్యి మంచిదమ్మా" అని వీధిలో చెప్పేది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ ఒక్క మాటే.

పెళ్లైన మూడో ఏట నా నడుముకు తామర పట్టింది. లంగా బొందె బిగించే చోట మొదట చిన్న ఎర్ర చుక్క, తర్వాత గాజంత వలయం. నడుమ చర్మం మామూలుగానే ఉంటుంది, అంచు మాత్రం పొక్కులతో లేచి ముందుకు పాకుతూ ఉంటుంది. దురద అంటే మామూలు దురద కాదు. ఆకు తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పడేసి గీరుకునేదాన్ని. సూళగిరిలో మందుల అంగడికి పోయి, చూపించడానికి సిగ్గుపడి, నోటితో చెప్పాను. అంగడాయన తలెత్తకుండానే ఒక క్రీము గొట్టం ఇచ్చాడు. మూడు రోజుల్లో దురద పోయింది, ఎరుపు పోయింది. నేను గెలిచాననుకుని పూయడం మానేశాను. పదిహేను రోజుల్లో ఒకటి ఉన్న చోట మూడు వలయాలు వచ్చాయి. మళ్లీ గొట్టం, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. వచ్చిన ప్రతిసారీ ఇంకో జానెడు ఆక్రమించుకునేది. ఆ గొట్టాన్ని మించిన దొంగ స్నేహితుణ్ని నేను జీవితంలో చూడలేదు.

ఒకరోజు స్నానాల దడి వెనక చీర మార్చుకుంటుంటే మా అత్త చూసింది.

"ఏమ్మే, ఇది ఎన్నాళ్ల నుంచి ఉండాది?"

"మూడు నెల్లయింది అత్తా. మందు పూస్తావుండాను."

"దీన్ని పెట్టుకోని పురుగుల తావకు పోతావుండావా?" ఆమె ముఖంలో కోపం కన్నా భయం ఎక్కువ కనబడింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. "రేపట్నించి నువ్వు గడప దాటొద్దు. ఆకు కోసకొచ్చి ఈడ పెట్టు, నేను తీసుకుంటా."

అంతటితో ఆగి ఉంటే నేనూ సర్దుకునేదాన్నేమో. సాయంత్రానికి వీధి చివరింటి పెద్దమ్మతో, ఇంకో నలుగురు ఆడవాళ్లు వింటుండగా, మా వాకిట్లో నిలబడి చెప్పింది. "మా కోడలికి తామర పట్టిందమ్మా. పురుగులకు ఆగదు, పంట పాడైతాదని బయట పెట్టినాను." పెద్దమ్మ నావైపు తిరిగి "అయ్యో పాపం" అంది. తిట్టినా భరించేదాన్ని. ఆ జాలి మాత్రం నా ఒంటి మీద కారం చల్లినట్టు మండింది.

నా మొగుడికి చెప్పాను. "అమ్మ చెప్పిన మాట విను. నాలుగు నాళ్లకు అంతా సరిపోతాది" అన్నాడు. కంపెనీ గేటు ముందు యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకునే మనిషి, ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మల్బరీ ఆకు కన్నా మెత్తబడేవాడు.

రెండు పంటలు నేను బయట ఉన్నాను. తెల్లారేసరికి తోటలో ఆకు కోసి, గంప గడప దగ్గర దించి, నాలుగడుగులు వెనక్కి జరగాలి. నేను జరిగిన తర్వాతే మా అత్త వచ్చి గంప తీసుకునేది. లోపల పురుగులు మేత మేస్తుంటే సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు విని ఏ తట్టకు ఆకు చాలలేదో నాకు తెలిసేది, చెప్పడానికి నోరు రాదు. చెప్పినా ఎవరికి కావాలి?

రెండో పంట నాలుగో జ్వరం దాటాక మా అత్త ఒక చచ్చిన పురుగును తెచ్చి గడప మీద పెట్టింది. సుద్దముక్కలా తెల్లగా, గట్టిగా ఉంది. సున్నకట్టు రోగం. పురుగు ఒంట్లోకి బూజు పోయి, చంపి, తెల్లగా పైకి పూస్తుంది.

"చూడు. ఇదీ బూజే, నీ నడుము మీద ఉండేదీ బూజే" అంది.

"నేను రెండు పంటల నుంచి బయటే ఉండాను కదత్తా. మరి ఇది యాడనించి వచ్చింది?"

ఆమె ముఖం నల్లబడింది. పురుగును తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మాటకు మాట అప్పగించానని నాకు సంతోషం వేసింది కానీ ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఆమె ఆ పొడి డబ్బా తీసి తట్టల మీద చల్లుతుంటే నేను బయటి నుంచి చూస్తూ ఉన్నాను. సరే, రెండూ ఒకటే బూజైతే మందూ ఒకటే కదా. పురుగులకు పనికొచ్చేది నాకెందుకు పనికిరాదు? నా జబ్బును చూపించి నన్ను గెంటేసిన వాళ్ల మందుతోనే దాన్ని చంపి, నడుము చూపించి, లోపలికి నడుస్తాను అనుకున్నాను. ఆమె భోజనానికి పోతూ గడప దగ్గర పెట్టిన డబ్బా తీసుకుని దడి వెనక్కి పోయాను.

ఎంతసేపు ఓర్చుకున్నానో తెలియదు. చెమట తగిలేసరికి అది నిప్పులా పట్టుకుంది. కడవెడు నీళ్లు పోసుకున్నాను. సాయంత్రానికి నడుము చుట్టూ బొబ్బలు లేచి, మర్నాటికి చితికి, రసి కారింది. లంగా కట్టలేక మొగుడి పాత లుంగీ వదులుగా చుట్టుకుని తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఒక్కదాన్నే బస్సెక్కి కృష్ణగిరి ఆసుపత్రికి పోయాను.

చర్మం డాక్టరమ్మకు ఓపిక తక్కువ, చెయ్యి మాత్రం చాలా మెత్తన. తెర లాగి, నా నడుము చూసి, కళ్లు పెద్దవి చేసింది. ఆమెది అరవం కలిసిన తెలుగు.

"ఏం రాసినావు దీనికి?"

చెప్పాను.

"నువ్వేమైనా పట్టుపురుగా?"

నాకు ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ముందు కాలిన పుండు మానాలంది. మందుల అంగడి గొట్టం చూపిస్తే తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. "ఇది దురదను నోరు మూయిస్తాది, బూజును పెంచుతాది. చర్మం పలచనైపోతాది. దీన్ని పూర్తిగా నిలిపేసి, పుండు ఆరినాక రా. అప్పుడే పరీక్ష చేయను వీలైతాది."

మూడు వారాల తర్వాత మళ్లీ పోయాను. పొడి తగలని వీపు వైపు వలయాలు అప్పటికి ఎర్రగా, నిండుగా, ఏ ముసుగూ లేకుండా బయటపడ్డాయి. డాక్టరమ్మ బ్లేడు మొద్దు అంచుతో వలయం చివర గీకి, రాలిన పొట్టును గాజుపలక మీద పట్టి, చుక్క మందు వేసి పక్క గదికి పంపింది. కాసేపటికి చీటీ వచ్చింది. తామరే. ఇక అడగడం మొదలుపెట్టింది. తువ్వాలు ఎవరెవరు వాడతారు? పక్కన ఎవరు పడుకుంటారు? వాళ్లకు ఉందా? ఇంట్లో కుక్క, పిల్లి, దూడ ఉన్నాయా? ఒకరి బట్టలు ఒకరు కట్టుకుంటారా?

"లేదు డాక్టరమ్మా. నా చీర నేనే కట్టుకుంటాను" అన్నాను పౌరుషంగా. ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే కొయ్యకు వేలాడే నీలం చీర నా కళ్ల ముందుకొచ్చింది.

ఆమెకు పురుగుల చీర సంగతి చెప్పాను. కలం కింద పెట్టి విన్నది.

"నెల దినాలు ఉతకకుండా, ఆ వేడిలో, ఆ చెమ్మలో, ముగ్గురు ఆడవాళ్లు కడతారా? ఇంకెక్కడ వెతకాల నేను?" అంది. "ఆ ముగ్గురిలో ఎవరికో ముందు నుంచే ఉండాది. వాళ్లకూ వైద్యం చెయ్యకపోతే నీకు తగ్గి మళ్లీ వస్తాది."

నేను ఆ కుర్చీలో అట్లాగే కూర్చుండిపోయాను. నేను తామరను పురుగులింట్లోకి మోసుకుపోలేదు, పురుగులిల్లే నాకు అంటించింది. నన్ను గెంటేసిన నియమమే నాకు జబ్బు తెచ్చింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నాకు ఎంత కోపం వచ్చిందంటే, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను.

డాక్టరమ్మ ఇచ్చింది నెలన్నర మాత్రలు, రోజుకొకటి, నూనో నెయ్యో ఉన్న తిండి తిన్నాక వేసుకోవాలి. కడుపుతో లేనని అడిగి నిర్ధారించుకుని మరీ రాసింది, మాత్రలు అయిన తర్వాత కూడా ఒక నెల ఆగమంది. ఒక పూత మందు కూడా ఇచ్చింది. వలయం మీదే కాదు, దాని చుట్టూ రెండు వేళ్ల మేర పూయాలి. మచ్చ కనబడకుండా పోయినా ఇంకో రెండు వారాలు పూయాలి. "దురద పోతానే మానేస్తారు మీరు. అదే మీ జబ్బు" అంది.

అప్పటికి మూడో పంట నడుస్తోంది, పురుగులు మూడో జ్వరం నుంచి లేస్తున్నాయి. నేను వచ్చేసరికి మా అత్త తోటలో ఉంది. నేను కాళ్లు కడుక్కుని, గడప దాటి, కొయ్య మీది చీర, లంగా తీసి బయటికి తెచ్చాను. పంట మధ్యలో ఆ చీర ఎండ చూడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. నీళ్లు కాచే అండాలో వేసి, సోడా వేసి, కింద మంట పెట్టాను. మరిగిన నీళ్లు ఏ రంగుకు తిరిగాయో చెప్పను.

మా అత్త గంపతో వచ్చి చూసి, గంప వదిలేసింది.

"ఏం చేసినావే! పంట మధ్యలో చీర బయటికి తెస్తావా? పురుగులు పోతే ఎవరిది బారం?"

"నాది. ఈ చీరనించే నాకు తామర వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది. దీన్ని కట్టుకున్న ముగ్గురిలో ఎవరికో ముందే ఉండాదంట. నాకైతే ముందు లేదు. మీ ఇద్దర్లో ఎవరికుండాదో మీరే చెప్పండి."

అంతమాట నేనెన్నడూ ఆమెతో అనలేదు. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె కింద పడిన ఆకులు ఏరుకుంటూ కూర్చుంది, ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

ఆ వారమే ముసురు పట్టింది. ఎండ లేదు, పురుగులిల్లు చెమ్మగిల్లింది. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు పొద్దున మా అత్త లోపలి నుంచి ఒట్టి చేతులతో వచ్చి గడప మీద కూలబడింది. "తెల్లగా పోతావుండాయి" అంది. ఒక పురుగు కాదు, తట్టకు పది, పదిహేను.

నన్నంటుందని ఎదురు చూశాను. ఆమె అనలేదు. అయినా ఊరంతా అంటుందని నాకు తెలుసు, చీర బయటికి తెచ్చింది నేనే కదా. ఆ క్షణంలో నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ తట్టల్లో నేను చూడకుండానే చస్తున్న పురుగులున్నాయి, వాటిని ఎలా కాపాడాలో నాకు తెలుసు. నా సొంత చీర, ముందు రోజు ఉతికి పొయ్యి సెగకు ఆరబెట్టింది, బిగించి కట్టుకున్నాను. ఆమెను దాటుకుని లోపలికి పోయాను. ఆమె కాలు అడ్డం పెట్టలేదు.

రెండు రోజులు నేను ఇంకేమీ చేయలేదు. చచ్చినవాటిని తెల్లబడకముందే ఏరాను, సున్నం చల్లాను, తట్టలు పలచన చేశాను, కిటికీలు తీసి గాలి ఆడనిచ్చాను, ఏరినవాటిని దూరంగా కాల్చాను. మందుపొడి చల్లేటప్పుడు మాత్రం చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాను, ఆ పాటి బుద్ధి వచ్చింది. ఆ రెండు రోజులూ మా అత్త గడప లోపలికి అడుగు పెట్టలేదు. ఆకు తెచ్చి, గంప దించి, తనే వెనక్కి జరిగి నిలబడేది. నాకు అర్థం కాలేదు. మూడో రోజు నేను బయటికి వచ్చి, "లోపలికి రాకుండా ఏమిటికి నిలబడతావుండావత్తా, నా ఒక్కదానికి చేతులు చాలవు" అని కేకలేశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని దడి వెనక్కి తీసుకుపోయింది. అటు తిరిగి నిలబడి చీర కుచ్చెళ్లు వదులు చేసింది. నడుము చుట్టూ, వీపు మీదికి, తొడల మీదికి, నల్లగా మొద్దుబారిన చర్మం, దాని అంచున ఎర్రటి గీత. నాది దాని ముందు ఏ మూలకు!

"ఇరవై ఏండ్లాయె" అంది అటు తిరిగే. "నేను ఈ ఇంటికొచ్చిన ఐదారేండ్లకు ఒక పంట మొత్తం సున్నకట్టి పోయింది. మా అత్త నా నడుము చూసింది. నీ ఒంటిదే పురుగుకు పోయిందనె. మూడేండ్లు నన్ను లోపలికి రానీలా. ఆయమ్మకు కండ్లు కనపడకపోయినాక నేను దీన్ని దాచిపెట్టుకోని పోతావుంటిని. పురుగు తెల్లబడినప్పుడంతా నావల్లే అనుకుంటాంటి. నీ నడుము చూసినప్పుడు, నాదొక్కటి చాలక నీది గూడానా అని బయపడితిని."

ఆమె మీద జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. నాకు ముందు వచ్చింది కోపమే. "అంటే నీది దాచుకోని నన్ను వీధిలో నిలబెట్టినావు" అన్నాను. ఆమె అవునంది. చీర సర్దుకుని, ఆమె నా వెనకే పురుగులింట్లోకి వచ్చి తట్టలు పట్టుకుంది.

ఆ పంటలో సగానికి పైగా నిలబెట్టాం. గూళ్లు అమ్మకానికి పోయిన వారానికి ఆమెను కృష్ణగిరికి తీసుకుపోయాను. ఒక తెల్లబడిన పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. డాక్టరమ్మ అగ్గిపెట్టె తెరిచి ఉలిక్కిపడింది. "ఇది చర్మం ఆసుపత్రి తల్లీ, పురుగుల ఆసుపత్రి కాదు" అని నన్ను తిట్టింది. నేను కదల్లేదు. "ఈ బూజూ ఒంటి బూజూ ఒకటేనో కాదో మా అత్తకు కండ్లతో చూపించండి. నేను చెప్తే ఆమె నమ్మదు" అన్నాను. డాక్టరమ్మ నన్ను చూసి, మా అత్తను చూసి, విసుక్కుంటూనే లేచి పక్క గదికి తీసుకుపోయింది.

ఒక గాజుపలక మీద మా అత్త నడుము పొట్టు, ఇంకోదాని మీద పురుగు మీది తెల్లపొడి. మా అత్త ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. మొదటిదాంట్లో ఇటుకల్లాంటి చర్మం మధ్య కొమ్మలేసిన దారాలు. రెండోదాంట్లో గసగసాలు పోసినట్టు సన్నటి పూసలు, కుప్పలు కుప్పలు.

"నేను పురుగుల డాక్టరును కాదు, ఆ సంగతి పట్టు ఆఫీసులో అడగండి" అంది డాక్టరమ్మ. "ఇది మాత్రం చెప్తాను. మనిషి తామర మనిషి చర్మాన్ని తినేది. పురుగును చంపింది అది కాదు. రెండూ వేరే."

"వేరేనా?"

"వేరే."

తిరుగు బస్సులో మా అత్త కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దారంతా ఎర్రదుమ్ము. చాలా దూరం పోయాక నావైపు తిరక్కుండా అడిగింది.

"అయితే నేనేమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదత్తా."

ఆమె మాత్రల పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో నొక్కింది. "మూడేండ్లు పశువుల కొట్టంలో పని చేయించింది. పండక్కి గూడా నన్ను లోపలికి పిలవలా. ఇప్పుడు నేను ఎవర్ని పోయి అడిగేది? ఆయమ్మ చచ్చి పదేండ్లాయె." అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వైతే నన్ను అడగచ్చు. నేనుండాను గదా."

నేను అడిగాను. మనసు కరిగిందని ఊరుకోలేదు. "నన్ను ఎవరి ముందర బయట పెట్టినావో, వాళ్ల ముందరే చెప్పాల" అన్నాను. ఊరు వచ్చింది, దిగాం.

నెలన్నర ఇద్దరం పక్కపక్కన కూర్చుని, నూనె వేసిన వేరుశనగ పచ్చడి, ఊరుబిండితో సంగటి తిని, మాత్రలు వేసుకున్నాం. నా వలయాలు ముందు పోయాయి. ఇరవై ఏళ్లది అంత తొందరగా పోతుందా, ఆమెకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఇద్దరి తువ్వాళ్లు వేరు చేశాం, బట్టలు మరిగించి ఎండలో ఆరేశాం. నీలం చీరను చించి పొయ్యిలో పెట్టింది ఆమే. నా మొగుణ్ని కూడా ఆసుపత్రికి తీసుకుపోయి చూపించాం. తెర వెనక పంచె విప్పడానికి ఆయన పడ్డ సిగ్గు చూసి మేమిద్దరం బయట నవ్వుకున్నాం. వీటన్నిటి మధ్యా నేను అడిగిన మాట మాత్రం ఆమె నోట రాలేదు. నేను మళ్లీ అడగలేదు, మరిచిపోనూ లేదు.

కొత్త పంటకు గుడ్లు పగిలిన పొద్దున వీధి చివరింటి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వచ్చారు. అందరూ ఉతికిన చీరలు వేరేగా తెచ్చుకోవాలని మా అత్త ముందే కబురు పెట్టింది. నేను గడప దగ్గర కాళ్లు కడుగుతున్నాను. పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమ్మా, కోడల్ని లోపలికి పంపిస్తావుండావే? దానికి తామర గదా, పురుగులకు ఆగుతాదా?"

మా అత్త పురుగు గుడ్లు అంటిన కాగితం చేతిలో పట్టుకుని గడప మీద నిలబడి ఉంది. ఇప్పుడూ చెప్పదనుకున్నాను.

"దానికి అంటించింది నేను" అంది. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగేంత గట్టిగా అంది. "నా ఒంటినించి దానికి వచ్చింది. నీకూ వచ్చే ఉంటాది, పోయి నడుము చూసుకో. పురుగులకు నేనూ అంటియ్యలా, అదీ అంటియ్యలా. చెయ్యని తప్పుకు నేను ఇరవై ఏండ్లు తల వంచుకోని తిరిగినాను. ఇది మూడు పంటలకే తిరగబడింది. మంచి పని చేసింది."

పెద్దమ్మ చెయ్యి తెలియకుండానే నడుము మీదికి పోయింది. నాకు ఏడుపు వచ్చింది, వీళ్ల ముందు ఏడవకూడదని పళ్లు బిగించాను. మా అత్త పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది. నేను తల ఎత్తుకునే లోపలికి పోయాను. పిల్ల పురుగులకు ఆకు సన్నగా తరగాలి, అది నా పని.